సంతకం లేని సాహసం: దాసరి సుబ్రహ్మణ్యం చందమామ ధారావాహికలు - కర్తృత్వ పరిశీలన

వ్యాససంగ్రహం:

చందమామ మాసపత్రికలో 1954 నుండి సుమారు పాతికేళ్లపాటు వెలువడిన సాహస ధారావాహికల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010). ఆ ధారావాహికలపై ఆయన పేరు అచ్చు కాలేదు. కొన్ని తరాల పాఠకులు రచనను ఎరిగి రచయితను ఎరగకుండానే పెరిగారు. ఆ పేరు వెల్లడైన తర్వాత వచ్చిన ప్రశంసలో బాల్యస్మృతుల పాలు ఎక్కువ, పాఠవిశ్లేషణ పాలు తక్కువ. పేరు అచ్చు కాకపోయినా రచయిత ముద్ర కథానిర్మాణంలో ఉన్నదనీ, ధారావాహికలను కాలక్రమంలో చదివితే అది స్పష్టమవుతుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. నాయకపాత్రల పరిణామం, మాంత్రిక పాత్రల స్వభావం, నెలవారీ నిర్మాణం అనే మూడు అంశాలను ఆధారంగా తీసుకుని, ఈ రచనల పరిమితులను కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: దాసరి సుబ్రహ్మణ్యం, చందమామ, బాలసాహిత్యం, సాహస ధారావాహిక, అజ్ఞాతకర్తృత్వం, మాంత్రిక పాత్రలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగు బాలసాహిత్య చరిత్రలో చందమామ ప్రస్తావన లేని అధ్యాయం ఉండదు. ఆ ప్రస్తావనలో సంస్థాపకులు నాగిరెడ్డి, చక్రపాణి ఉంటారు. సంపాదక బాధ్యతలు నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు ఉంటారు. చిత్రకారులు చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య ఉంటారు. అయితే నెలనెలా పత్రిక కోసం పిల్లలను ఎదురుచూసేలా చేసిన ధారావాహికల రచయిత పేరు మాత్రం చాలాకాలం ఈ వరుసలో చేరలేదు. తోకచుక్క, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం అనే పేర్లు చెప్పగానే కళ్లు మెరిసే పాఠకులు వేలల్లో ఉన్నారు. వాటిని రాసింది ఒకే వ్యక్తి అని తెలిసినవారు చాలాకాలం పత్రికా కార్యాలయానికి దగ్గరివారే.

ఇది కేవలం ఒక రచయితకు గుర్తింపు దక్కలేదన్న ఆవేదనతో ముగిసే విషయం కాదు. సాహిత్య పరిశోధనకు సంబంధించి ఇందులో ఒక మౌలికమైన ప్రశ్న ఉంది. రచయిత పేరు లేని పాఠాన్ని మనం ఎలా చదువుతాం? పత్రికే రచయిత అనుకుని సరిపెట్టుకుంటామా, లేక పాఠం లోపలి ఆధారాలతో రచయితను గుర్తించే ప్రయత్నం చేస్తామా? మొదటి మార్గం సులువు. ఇప్పటివరకు ఎక్కువగా నడిచిందీ అదే. రెండవ మార్గంలో నడిచే ప్రయత్నం ఈ వ్యాసం.

2. రచయిత - పత్రిక:

దాసరి సుబ్రహ్మణ్యం గుంటూరు జిల్లాకు చెందినవారు. 1952లో మద్రాసులోని చందమామ సంపాదకవర్గంలో చేరి 2006 వరకు అక్కడే పనిచేశారు. ఇరవయ్యేళ్ల ప్రాయంలో ప్రవేశించి ఐదు దశాబ్దాలకు పైగా ఒకే పత్రికలో ఒకే గదికి అంకితమైన జీవితం ఆయనది. 2010 జనవరిలో కన్నుమూశారు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాలకే చందమామ ప్రచురణ కూడా ఆగిపోయింది.

ఆయన చేరిన నాటికి చందమామ వయసు అయిదేళ్లు. 1947 జూలైలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైన ఆ పత్రిక క్రమంగా ఇతర భారతీయ భాషలకు విస్తరించింది. అప్పటికే న్యాయపతి రాఘవరావు దంపతుల 'బాల' 1945 నుండి పిల్లల పత్రికకు ఒక నమూనా నెలకొల్పింది. పిల్లల చేత రాయించడం, పాడించడం, ఆడించడం 'బాల' మార్గం. పిల్లలకు కథ చెప్పడం చందమామ మార్గం. కథ చెప్పేవారు ఎవరన్నది అక్కడ ముఖ్యం కాదు. అవ్వ చెప్పిన కథకు అవ్వ సంతకం పెట్టదు కదా. చందమామ తనను తాను ఆ అవ్వ స్థానంలో నిలుపుకుంది. సంపాదకవర్గంవారి రచనలపై పేర్లు ఉండకపోవడం ఈ భావనకు సహజమైన కొనసాగింపే.

కొడవటిగంటి కుటుంబరావు 1952 నుండి 1980లో మరణించేవరకు చందమామకు పనిచేశారు. దాసరి ధారావాహికలు వెలువడిన కాలమంతా దాదాపుగా ఆయన సంపాదకత్వపు కాలమే. వచ్చిన కథలన్నింటినీ తిరగరాసి ఒక సమానమైన శైలిలోకి తేవడం కుటుంబరావు పద్ధతి. చిన్న వాక్యాలు, వాడుక మాటలు, వర్ణన కంటే క్రియకు ప్రాధాన్యం, నీతిని విడిగా బోధించకపోవడం ఈ 'చందమామ శైలి'కి లక్షణాలు. ఈ శైలి తెలుగు బాలవచనానికి చేసిన మేలు గొప్పది. అదే సమయంలో అది వ్యక్తిగత శైలుల ఆనవాళ్లను చెరిపివేసింది.

చందమామలో వెలువడిన దాసరి ధారావాహికలు పన్నెండు: తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. వీటిలో మొదటిది 1954లోను, చివరిది 1978లోను ప్రారంభమయ్యాయి. చందమామకు వెలుపల 'బొమ్మరిల్లు'లో మృత్యులోయ, 'యువ'లో అగ్నిమాల ఆయన రచనలే.

3. అజ్ఞాతకర్తృత్వం - పరిశోధన పద్ధతి:

ఆంగ్ల బాలసాహిత్యంలో సాహస కథలకు మారుపేరైన ఎనిడ్ బ్లైటన్ (1897-1968) పుస్తకాల అట్టలపై ఆమె సంతకమే వ్యాపారచిహ్నంగా నిలిచింది. పిల్లలు కథ పేరు కంటే ముందు ఆ సంతకాన్ని చూసి పుస్తకం కొనేవారు. దాసరి విషయంలో సరిగ్గా దీనికి విపర్యయం జరిగింది. పిల్లలు కథ పేరునూ, బొమ్మనూ చూశారు. రచయిత ఉన్నాడన్న స్పృహ కూడా వారికి కలగలేదు. ఒకే ప్రక్రియకు చెందిన ఇద్దరు రచయితల మధ్య ఈ తేడాకు కారణం ప్రతిభ కాదు. ప్రచురణ వ్యవస్థలో రచయితకు ఇచ్చిన స్థానం.

అజ్ఞాతకర్తృత్వం మనకు కొత్త సమస్య కాదు. చాటువుల విషయంలో, ప్రక్షిప్తాల విషయంలో, జానపద గేయాల విషయంలో తెలుగు పరిశోధకులు దీన్ని ఎదుర్కొన్నారు. సాధారణంగా మనం ఆశ్రయించే ఆధారాలు రెండు. ఒకటి బాహ్యసాక్ష్యం, రెండవది శైలి. దాసరి విషయంలో బాహ్యసాక్ష్యం సహోద్యోగుల, సన్నిహితుల జ్ఞాపకాల రూపంలో లభించింది. కర్తృత్వం ఈనాడు వివాదాస్పదం కాదు. కాని శైలి ఆధారంగా ఆయన ప్రత్యేకతను నిరూపించబోతే ఒక చిక్కు ఎదురవుతుంది. వాక్యం సంపాదకీయపు జల్లెడ గుండా వచ్చినది. అందులో ఎంత దాసరిదో, ఎంత కుటుంబరావుదో వేరుచేయడం సాధ్యం కాదు.

కాబట్టి వాక్యస్థాయిని విడిచి కథనస్థాయికి వెళ్లాలి. సంపాదకుడు వాక్యాన్ని మార్చగలడు. పదమూడు, పద్నాలుగు నెలలు, కొన్నిసార్లు అంతకంటే చాలా ఎక్కువకాలం సాగే కథలో ఎవరు ఎవరితో స్నేహం చేస్తారు, ఎవరికి భయపడతారు, ఎలా బయటపడతారు అన్న కల్పనా తర్కాన్ని మార్చడం తేలిక కాదు. రచయిత ముద్రను అక్కడ వెదకడం సమంజసం.

4. మూలాలు - స్వీకరణ విధానం:

దాసరి ధారావాహికలు శూన్యం నుండి పుట్టలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు, అరేబియన్ రాత్రుల అనువాదాలు, జానపద చలనచిత్రాలు ఆనాటి తెలుగు పాఠకునికి సుపరిచితాలు. చందమామను స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థే 1951లో 'పాతాళభైరవి' నిర్మించింది. తోటమాలి కొడుకు తోటరాముడు, అతన్ని బలివ్వదలచిన మాంత్రికుడు, కోరికలు తీర్చే ప్రతిమ అనే ఆ చిత్రపు సామగ్రికీ, మూడేళ్ల తర్వాత మొదలైన తోకచుక్కకూ వాతావరణంలో బంధుత్వం ఉంది. మరోవైపు నిధుల కోసం నౌకాయానాలు, పటాలు, అజ్ఞాత లోయలు స్టీవెన్సన్, రైడర్ హగ్గార్డ్ వంటి ఆంగ్ల సాహస నవలాకారుల లోకాన్ని గుర్తుచేస్తాయి.

ఈ స్వీకరణకు ముగ్గురు మాంత్రికులు మంచి ఉదాహరణ. అరేబియన్ రాత్రుల్లోని జూదర్ కథ దీనికి మూలమని పోల్చి చదివితే తేలికగా గ్రహించవచ్చు. సరస్సులో చేపలు పట్టే యువకుని వద్దకు మాంత్రికులు ఒకరి తర్వాత ఒకరుగా రావడం, తమ చేతులు కట్టి నీటిలోకి తోయమనడం, ఇద్దరు చనిపోయి మూడవవాడు బతకడం, ఆ మూడవవానితో నాయకుడు నిధికై ప్రయాణం కావడం, అన్నల ద్రోహం - ఇవి మూలంలో ఉన్నవే. దాసరి కథలో ఆ యువకుడు పింగళుడు, బతికిన మాంత్రికుడు పద్మపాదుడు, గమ్యం మహామాయుని సమాధి.

అయితే స్వీకరణ ఎక్కడ ఆగి కల్పన ఎక్కడ మొదలవుతుందన్నదే గమనించవలసిన విషయం. మూలకథలో నిధి దగ్గరకు సాగే ప్రయాణం సంక్షిప్తం; నిధి ద్వారాల వద్ద పరీక్షే ప్రధానం. దాసరి ఆ ప్రయాణాన్నే కథగా మార్చారు. దారిలోని కొండలు, అడవులు, శత్రువులు, మిత్రులు కథ విస్తీర్ణాన్ని ఆక్రమించారు. పరీక్షాప్రధానమైన కథ ప్రయాణప్రధానమైన కథగా మారింది. గమ్యం కంటే దారికి ప్రాధాన్యమిచ్చే ఈ లక్షణం మిగిలిన ధారావాహికలకూ వర్తిస్తుంది. మూలం తెలిసిన తర్వాత కూడా ఆయన కర్తృత్వం తగ్గదు సరిగదా, ఏది ఆయన సొంతమో మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

5. ఏకనాయకుడి నుండి జంటనాయకులకు:

ధారావాహికలను కాలక్రమంలో చదివినప్పుడు కనిపించే ప్రధానమైన పరిణామం నాయకపాత్రకు సంబంధించినది. తోకచుక్కలో నాయకుడు సమరసేనుడు, కుండలినీ ద్వీపపు సేనాని. కంచుకోటలో చంద్రవర్మ, జ్వాలాద్వీపంలో చిత్రసేనుడు. వీరికి తోడుగా సుబాహు వంటి అనుచరులున్నా, కథ ఒక వీరుని చుట్టూ తిరుగుతుంది. అతడు క్షత్రియుడో, సేనానియో, రాజ్యాధికారంతో సంబంధం ఉన్నవాడో అయి ఉంటాడు. మత్స్యకారుడైన పింగళుడు ఈ దశలోనే కనిపించినా, ఆ పాత్ర చట్రం మూలకథ నుండి వచ్చినది.

1961లో మొదలైన రాకాసిలోయతో ఈ అమరిక మారుతుంది. నాయకుడు కేశవుడు అడవిలో ముసలి తండ్రితో బతికే సామాన్య యువకుడు. అతనికి జయమల్లుడు జతకూడతాడు. అడవి తెగకు చెందిన గోమాంగ్ వారితో చేరతాడు. రాజ్యం వీరికి ఆశ్రయమిచ్చే స్థానం కాదు; వెంటాడే స్థానం కూడా అవుతుంది. ఆ తర్వాత పాతాళదుర్గంలో ధూమక సోమకులు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి, యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తులు, మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు - వరుసగా జంటలే.

ఈ జంటలు ఒకరికొకరు నకళ్లు కారు. ఖడ్గవర్మ కత్తిని నమ్ముకున్నవాడైతే జీవదత్తుడు దండాన్ని, విద్యను నమ్ముకున్నవాడు. జయశీలుడు ఆచితూచి అడుగువేసే వీరుడైతే సిద్ధసాధకుడు మహాకాళి భక్తితో, ఆవేశంతో ముందుకు దూకేవాడు. శిథిలాలయంలో శబర యువకుడైన శిఖిముఖికి నగరవాసి విక్రమకేసరి మిత్రుడు. ఒకరికి లేనిది మరొకరిలో ఉంటుంది. ఆపద వచ్చినప్పుడు ఒకరి తెలివి, మరొకరి బలం కలిసి దారి చూపుతాయి.

ఈ మార్పు వల్ల రెండు ప్రయోజనాలు సిద్ధించాయి. మొదటిది కథనపరమైనది. ఒంటరి నాయకుని ఆలోచనలను రచయిత వర్ణించి చెప్పాలి. ఇద్దరున్నప్పుడు ఆలోచన సంభాషణగా మారుతుంది. వర్ణనను తగ్గించి క్రియను, సంభాషణను పెంచే చందమామ శైలికి ఇది అనుకూలం. రెండవది విలువలకు సంబంధించినది. పుట్టుకతో వచ్చిన అధికారం స్థానంలో దారిలో కలిసిన స్నేహం వీరత్వానికి ఆధారమయింది. ఏకవీరుడు గెలిస్తే రాజ్యం వస్తుంది. మిత్రులు గెలిస్తే ఒకరిని ఒకరు కాపాడుకున్న తృప్తి మిగులుతుంది. పదేళ్ల పాఠకుడు తనను పోల్చుకోగలిగింది రాజుతో కాదు, స్నేహితునితో. దాసరి ఈ సంగతిని తన పాతికేళ్ల రచనాక్రమంలో, సిద్ధాంతంగా చెప్పకుండానే, కనుగొన్నారు.

6. మాయ ఉన్నది, మహిమ లేదు:

ఈ ధారావాహికలపై తరచుగా వినిపించే అభ్యంతరం ఒకటుంది: ఇవి మంత్రతంత్రాలపై నమ్మకాన్ని పెంచుతాయన్నది. పుర్రెలు, మంత్రదండాలు, గుడ్లగూబలు, నరబలులు నిండిన ఈ కథలను హేతువాదిగా ప్రసిద్ధుడైన కుటుంబరావు ఎలా ప్రచురించారన్న ప్రశ్న కూడా దీనికి అనుబంధం. ఈ అభ్యంతరం కథల్లోని సామగ్రిని చూసి చేసినది. ఆ సామగ్రి చేసే పనిని చూసి చేసినది కాదు.

దాసరి మాంత్రికులను వరుసగా గమనిస్తే వారిలో ఒక సామాన్యలక్షణం కనిపిస్తుంది. వారు సర్వశక్తిమంతులు కారు. తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రులు ఒకే లక్ష్యం కోసం పోటీపడే ప్రత్యర్థులు. ఒకరి శక్తిని మరొకరి శక్తి అడ్డుకుంటుంది. ఆ ఇద్దరి నడుమ మంత్రమేదీ తెలియని సమరసేనుడు తన మనుషులను కాపాడుకుంటూ దారి వెదుక్కుంటాడు. కంచుకోటలో శంఖు మాంత్రికునికి కాపాలిని ప్రత్యర్థి. రాకాసిలోయలోని బ్రహ్మదండి మాంత్రికుడు బెదిరిస్తాడు, భయపడతాడు, ఇతరుల మీద ఆధారపడతాడు, కొన్నిచోట్ల నవ్వు పుట్టిస్తాడు. నిధి దగ్గరకు వెళ్లడానికి అతనికి కేశవుని వంటి యువకుని అవసరం ఉంది. అంటే మాంత్రికుని శక్తి ఒక పనితనం వంటిది. దానికి హద్దులున్నాయి, పనిముట్లు కావాలి, సాయం కావాలి, అది విఫలమవుతుంది.

ఇక రెండవ అంశం. కథలు ముడిపడే ఘట్టాల్లో దైవానుగ్రహం పరిష్కారంగా రాదు. పౌరాణిక కథల్లో భక్తుని మొర విని దేవుడు ప్రత్యక్షమవుతాడు. ఇక్కడ మొర వినేవాడు పక్కనున్న మిత్రుడే. సిద్ధసాధకుడు దేవిని ఎంత పిలిచినా, ఆపద నుండి బయటపడేది అతని శూలంతోను, జయశీలుని సమయస్ఫూర్తితోను. ఈ భేదాన్ని క్లుప్తంగా చెప్పాలంటే, దాసరి కథల్లో మాయ ఉన్నది, మహిమ లేదు. మాయ మనిషి ఎదుర్కోగలిగిన ఆటంకం. మహిమ మనిషి తలవంచవలసిన శక్తి. మొదటిది సాహసానికి అవకాశమిస్తుంది, రెండవది దాన్ని అనవసరం చేస్తుంది.

ఈ కోణం నుండి చూస్తే కుటుంబరావు సంపాదకత్వానికీ, దాసరి కల్పనకూ మధ్య వైరుధ్యం కనిపించదు. మాంత్రికుణ్ణి చూసి భయపడిన పాఠకుడే కొన్ని నెలల తర్వాత అతని నిస్సహాయతను చూస్తాడు. భయాన్ని కల్పించి, ఆ భయానికి కారణమైనదాన్ని మనిషి కొలతకు దించడం ఈ కథల ప్రధాన వ్యాపారం. పిల్లలకు భయమే తెలియకుండా పెంచాలనుకునే బాలసాహిత్యం కంటే ఇది భిన్నమైన, అంతకంటే నిజాయితీ గల మార్గం.

7. నెలవారీ నిర్మాణం:

ధారావాహికను పుస్తకంగా చదివేవారు గమనించని విషయాలు కొన్ని ఉంటాయి. ప్రతి భాగం మొదట్లో కుండలీకరణాల్లో గతభాగపు సారాంశం ఉండేది. తర్వాత కథ నేరుగా ప్రమాదం మధ్యలో మొదలయ్యేది. చివరి వాక్యాలలో కొత్త ప్రమాదం తలెత్తేది. నెలరోజులు ఆగగలిగేంత ఉత్కంఠ, నెల తర్వాత గుర్తుండేంత స్పష్టత - ఈ రెండింటినీ కలపడం ధారావాహిక రచయిత ఎదుర్కొనే సాంకేతిక సమస్య. దాసరి దీన్ని పాత్రల పేర్లతోను, వారి ఆకారాలతోను, ఆయుధాలతోను పరిష్కరించారు. ఏకాక్షి, చతుర్నేత్రుడు, ఉగ్రాక్షుడు, శిఖిముఖి - పేరే పాత్ర రూపాన్ని చెబుతుంది. నెల గడిచినా పాఠకుడు మరచిపోడు. చిత్రకారుడు తడుముకోనవసరం లేదు.

ఇక్కడ చిత్రా పాత్రను విస్మరించరాదు. ఈ ధారావాహికలకు ఆయన గీసిన బొమ్మలు కథకు అలంకారాలు కావు, కథలో భాగాలు. ఒక మాంత్రికుని దుస్తులు, ఒక విచిత్ర మృగపు ఆకారం రచయిత వాక్యంలో ఒక మాటగా ఉంటే, బొమ్మలో అది సంపూర్ణ రూపం పొందింది. పాఠకుల జ్ఞాపకంలో ఈ రెండూ విడదీయరానివి. చందమామలో కర్తృత్వం సామూహికమన్న వాదనకు ఇది బలమైన ఆధారం. కాని సామూహికత అంటే అందులోని వ్యక్తులు లేకపోవడం కాదు. చిత్రాకు బొమ్మ కింద సంతకం ఉండేది. రచయితకు ఆ మాత్రం కూడా లేకపోయింది.

ధారావాహికల ప్రాధాన్యాన్ని తెలిపే ఒక సందర్భం చందమామ వర్గాల జ్ఞాపకాలలో వినిపిస్తుంది. ఈ తరహా కథలు చక్రపాణికి అంతగా రుచించేవి కావనీ, అందువల్ల రాకాసిలోయ తర్వాత వాటిని ఆపి దుర్గేశనందిని, నవాబునందిని ప్రచురించారనీ, పాఠకాదరణ తగ్గడంతో తిరిగి దాసరి చేత రాయించారనీ చెబుతారు. 1966లో పాతాళదుర్గం మొదలైంది. జ్ఞాపకాలను యథాతథంగా చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయినా ఆ మధ్యకాలపు సంచికలు విరామం వాస్తవమని చూపుతున్నాయి. పేరు తెలియని రచయిత లేకపోవడాన్ని పాఠకులు గుర్తించారన్నది ఈ ఉదంతంలోని సారాంశం. వారు ఆయన పేరును ఎరగరు. ఆయన పనిని ఎరుగుదురు.

8. పరిమితులు:

రచయితకు న్యాయం చేయడమంటే ప్రశంసించడం మాత్రమే కాదు. పేరు దక్కిన రచయితకు విమర్శ కూడా దక్కాలి. ఆ దృష్టితో మూడు పరిమితులను పేర్కొనడం అవసరం.

మొదటిది స్త్రీపాత్రలకు సంబంధించినది. సాహసయాత్రలో స్త్రీ దాదాపుగా సహచరి కాదు. పాతాళదుర్గంలో కాంతిసేన వలె ఆమె అపహరణకు గురయ్యే రాకుమారి. ఆమెను వెదకడమే పురుషుల సాహసానికి కారణం. కాపాలిని వంటి శక్తిగల స్త్రీ కనిపించినా ఆమె వృద్ధ మాంత్రికురాలు. బాలికా పాఠకురాలు పోల్చుకోగలిగిన పాత్ర కాదు. చందమామను అన్నదమ్ములతో సమానంగా, ఒక్కోసారి వారికంటే ముందుగా లాక్కుని చదివిన ఆడపిల్లలకు ఈ ధారావాహికలలో నడిచే దారి లేదు.

రెండవది అడవి తెగల చిత్రణ. వింత ముఖచిహ్నాలు, క్రూరమైన ఆచారాలు, నరబలి వంటి సామగ్రితో ఆటవికులను భయకారకులుగా చూపే ఘట్టాలు అనేకం. ఇది వలసపాలన కాలపు సాహస నవలల నుండి వచ్చిన వారసత్వం. అయితే గోమాంగ్, శిఖిముఖి పాత్రలు ఈ చిత్రణకు లోపలి నుండే ఎదురు నిలుస్తాయి. ముఖ్యంగా శబర యువకుణ్ణి ప్రధాన నాయకునిగా నిలపడం ఆనాటి జనప్రియ బాలసాహిత్యంలో గమనించదగిన విషయం. దాసరి ఈ మూసను వాడారు, కొంతవరకు విరిచారు, పూర్తిగా విడువలేదు.

మూడవది పునరుక్తి. లోయలు, దుర్గాలు, సరోవరాలు, మాంత్రికులు పేర్లు మార్చుకుని తిరిగి వస్తారు. 1970లలోని ధారావాహికల్లో సంఘటనల గొలుసు పొడవై, తొలి ధారావాహికల బిగువు కొంత సడలినట్లు కనిపిస్తుంది. దీనికి రచయితతో పాటు, విజయవంతమైన నమూనాను విడవడానికి ఇష్టపడని పత్రికా వ్యవస్థ కూడా కారణమై ఉండవచ్చు.

9. వారసత్వం:

దాసరి ధారావాహికలు తెలుగులో పుట్టి, చందమామ వెలువడిన ఇతర భాషలలోకి అనువాదమై వెళ్లాయి. తెలుగు నుండి ఇతర భారతీయ భాషలకు చేరిన ఆధునిక రచనలు ఎన్ని అన్న లెక్క వేసేటప్పుడు మనం నవలలనూ, కవిత్వాన్నీ లెక్కిస్తాం. నెలనెలా అనేక భాషల పిల్లలు చదివిన ఈ కథలను లెక్కలోకి తీసుకోం. అనువాద అధ్యయనాలలో ఇది పూరించవలసిన ఖాళీ. ఒకే ధారావాహిక వేర్వేరు భాషల చందమామలలో పాత్రల పేర్లను, మాంత్రిక పరిభాషను ఎలా మార్చుకున్నదో తులనాత్మకంగా పరిశీలిస్తే విలువైన ఫలితాలు వస్తాయి.

గత రెండు దశాబ్దాలలో పాత సంచికలను సేకరించే అభిమానుల కృషి వల్ల, పుస్తకరూప ప్రచురణల వల్ల ఈ ధారావాహికలు రచయిత పేరుతో మళ్లీ పాఠకులకు చేరాయి. పరిశోధకులు చేయని పనిని పాఠకులు చేశారు. ఈ మాటను మనం వినయంగా అంగీకరించాలి. అయితే అభిమానుల పని సేకరణ, సంరక్షణ. పరిశోధకుల పని కాలనిర్ణయం, పాఠనిర్ణయం, మూలపరిశీలన, విలువనిర్ధారణ. పత్రికాపాఠానికీ పుస్తకపాఠానికీ మధ్య తేడాలను నమోదు చేయడం, నెలవారీ విభజనను, తొలి ముద్రణ చిత్రాలను భద్రపరచడం, చందమామకు వెలుపలి ధారావాహికలతో పోల్చడం తక్షణం చేపట్టవలసిన పనులు. కుటుంబరావు సంపాదకత్వం లేనిచోట దాసరి వచనం ఎలా ఉన్నదో మృత్యులోయ, అగ్నిమాలల ద్వారా పరీక్షించవచ్చు. మూడవ విభాగంలో ప్రస్తావించిన శైలి సమస్యకు పరిష్కారం దొరికితే అక్కడే దొరకాలి.

10. ముగింపు:

దాసరి సుబ్రహ్మణ్యం పేరు అచ్చు కాకపోవడానికి ఒక పత్రికా సంప్రదాయం కారణం. ఆ సంప్రదాయానికి దాని తర్కం ఉంది. కాని పేరు తెలిసిన తర్వాత కూడా ఆయన రచనలను 'చందమామ జ్ఞాపకాలు'గానే మిగిల్చితే దానికి కారణం మనమే. పైన చేసిన పరిశీలన నుండి మూడు విషయాలు తేలుతున్నాయి.

1. ఏకవీరుని నుండి భిన్నస్వభావాలు గల మిత్రుల జంటకు జరిగిన పరిణామం ఈ ధారావాహికలన్నింటి వెనుక ఒకే కల్పనాశక్తి పనిచేసిందని చూపుతుంది.
2. మాంత్రికశక్తిని పరిమితమైనదిగా, ఎదుర్కోగలిగినదిగా చిత్రించడం వల్ల ఈ కథలు మూఢవిశ్వాసానికి కాక మానవప్రయత్నానికి పక్షం వహించాయి.
3. స్త్రీపాత్రలు, ఆటవిక పాత్రల చిత్రణలో ఈ రచనలు తమ కాలపు హద్దులను పూర్తిగా దాటలేదు.

సంతకం లేని రచయిత రచనలో ఎక్కడో ఒకచోట తన గుర్తును వదలివెళతాడు. దాసరి విషయంలో ఆ గుర్తు, చీకటి లోయలో నడుస్తున్న నాయకుని పక్కన ఒక మిత్రుణ్ణి నిలపడం. ఐదు దశాబ్దాలకు పైగా ఒకే కార్యాలయంలో, పేరు లేకుండా, ఇతరుల పిల్లల కోసం రాసిన మనిషి స్నేహాన్నే అన్నింటికంటే పెద్ద మంత్రంగా ఎంచుకున్నాడన్నది గమనించదగినది. ఆ పక్కన నడవడం ఇప్పుడు పరిశోధకుల వంతు.